మానిన తర్వాతి వణుకు

నంద్యాల బస్టాండు ఎదురుగా నేను గది తీసుకున్నది వార్తల కోసం. ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో వార్త బస్సు ఎక్కి వచ్చేది. బనగానపల్లె మామిడికాయల ధర, వెలుగోడు నీళ్ల తగాదా, అహోబిలం తిరునాళ్ల ఏర్పాట్లు అన్నీ ప్రయాణికుల నోట దిగేవి. నేను అరుగు మీద కూర్చుని, దిగినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి, పనికొచ్చేది రాసి, మధ్యాహ్నం కర్నూలు బస్సులో కవరు పంపేవాణ్ణి. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని.

మా బావ పనిచేసేది కూడా ఆ బస్టాండులోనే. మా అక్క భర్త. ఒక షావుకారి కింద నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు నడిపేవాడు. మా ఊరు ఆళ్లగడ్డ. నాయన అక్కడ సేద్యం చేసుకుంటూ ఉండేవాడు. అక్క, ఇద్దరు పిల్లలు బావతోపాటు నంద్యాలలో, బస్టాండు వెనక సందులో కాపురం.

బావ తాగుతాడని అందరికీ తెలుసు. మద్యనిషేధం అమల్లో ఉన్న కాలం కనుక తాగుడు లేదని పైకి చెప్పుకునేవాళ్లం. నల్లమల అంచు పల్లెల నుంచి సారాయి పాత టైరు ట్యూబుల్లో నిండి, మూటల్లో దాగి వచ్చేది. బస్సులోనే వచ్చేది. మూట మీద చెయ్యి వేస్తే లోపల చల్లగా కదిలేది. బావకు అది లారీ మీద అలవాటైంది. పత్తి బేళ్లు వేసుకుని మద్రాసు దాకా తోలిన రోజుల్లో మొదట నిద్ర పట్టడానికి తాగాడు. తర్వాత నిద్ర లేవడానికి తాగాడు. బస్సు మీదికి వచ్చాక కూడా పొద్దున రెండు గుటకలు పడితేగాని చెయ్యి నిలిచేది కాదు. అవి పడ్డాక మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేని డ్రైవరు.

ఒకసారి పోలీసులు గట్టిగా దాడులు చేశారు. కొద్దిరోజులు ఎక్కడా చుక్క దొరకలేదు. బావ మంచం పట్టాడు. ఒళ్లంతా చెమట. గోడ మీద లేని చీమలను చేత్తో తుడవడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం మూర్ఛ వచ్చి కొట్టుకున్నాడు. ఎద్దుల బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాం. తాగితే మనిషి పోతాడని విన్నాం గాని, ఆపితే పోతాడని అప్పటిదాకా వినలేదు.

అక్కడి డాక్టరు గుంటూరు వైపు మనిషి. యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. గ్లూకోజు ఎక్కించాడు, విటమిన్ సూదులు వేశాడు, నిద్రమందు ఇచ్చాడు. ఇంటికి పంపుతూ, ప్రాణభయం తీరిందని, ఇక చుక్క ముట్టకూడదని, నరాలు కుదుటపడటానికి మాత్రం నెలలు పడుతుందని, ఏడాదైనా పట్టవచ్చని చెప్పాడు. మా ఇంట్లోవాళ్లు మొదటి మాట విన్నారు. ప్రాణభయం తీరిందంటే జబ్బు తీరిందనే అర్థం చేసుకున్నారు. అక్క నరసింహస్వామికి పొంగలి పెట్టుకుంది. నాయన ఆళ్లగడ్డ నుంచి వచ్చి, బావ ముందర కూర్చుని, ఇంకొకసారి తాగితే కూతుర్నీ పిల్లల్నీ తీసుకుపోతానని చెప్పి, మళ్లీ అదే బస్సు ఎక్కి పోయాడు. ఆయన అన్నమాట చేసే మనిషి.

కొన్ని వారాలకు బావ తిరిగి పనికి వెళ్లాడు. బస్టాండు పెత్తనం ఒక ఏజెంటుది. టికెట్లు రాయడం, బస్సులు వేళకు పంపడం ఆయన పని. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, చెడ్డవాడు కాదు. బావ మళ్లీ స్టీరింగు పట్టుకునే ముందు ఆయన ఒక పరీక్ష కనిపెట్టాడు. హోటలు నుంచి గ్లాసు నిండా అంచుదాకా టీ పోయించి, సాసరులో పెట్టి బావ చేతికి ఇచ్చేవాడు. టికెట్ల బల్ల దగ్గర నుంచి బస్సు దాకా అది మోసుకుపోవాలి. సాసరులో టీ పడకపోతే బస్సు బావది. పడితే ఇంకో డ్రైవరు ఎక్కుతాడు.

ఏజెంటు గట్టిగా అడిగేవాడు. "ఏమప్పా డ్రైవరూ, ఈ పొద్దు చెరువా, సముద్రమా?"

జనం నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు అది నంద్యాల బస్టాండులో ఒక వేడుక అయింది. ఆళ్లగడ్డ పోయేవాళ్లేగాక, కర్నూలు బస్సు కోసం నిలబడినవాళ్లు కూడా ఇటు వచ్చి చూసేవాళ్లు. ఒక తమలపాకుల వ్యాపారి టీ ఒలుకుతుందని, అంటే సముద్రమని, రోజూ పందెం కాసేవాడు. ఎక్కువ రోజులు అతనే గెలిచాడు.

ఏజెంటును తప్పుపట్టి రాయడం సులువు. బస్సు నిండా మనుషులు ఎక్కుతారు, శిరివెళ్ల దాటాక రోడ్డు మీదికి వాగు వస్తుంది, తాగినవాడి చేతికి స్టీరింగు ఇచ్చి ఏదైనా జరిగితే ముందు పట్టుకునేది ఆయన గొంతే. ఆయన భయం నిజమైనదే. పరీక్షే తప్పు. అది తప్పని నాకు తెలిసింది చూడటం వల్ల. రోజూ చూడటమే నా వృత్తి. బల్ల దగ్గర గ్లాసు పట్టుకోలేని మనిషి, సాయంత్రం ఇంట్లో కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, షేవింగు బ్లేడుతో ఆ పిల్ల గోళ్లు తీసేవాడు. అప్పుడే పాలపళ్లు ఊడుతున్న పిల్ల, ఒకచోట కూర్చునే రకం కాదు. ఒక్క గోరు దగ్గర కూడా రక్తం రాలేదు.

ఇంకొక సంగతి ఉంది. తాగుడు మానాక ఆయనకు దేనిలోనూ రుచి లేకుండా పోయింది. అక్క కొర్రన్నం, ఉరిమిండి పచ్చడి చేసి పెడితే తిని లేచేవాడు. టాకీసుకు తీసుకుపోతే మధ్యలో లేచి వచ్చాడు. ఎందుకని అడిగాను.

"అందరూ నవ్వుతాండారు. నాకు పక్కింట్లో నవ్వుతాండినట్ల ఉండాది. నా బిడ్డ నవ్వినా అంతే" అన్నాడు.

ఆ సమయంలో ఆసుపత్రిలో మలేరియా మందు చల్లడం గురించి ఏదో వార్త కోసం డాక్టరు దగ్గరకు వెళ్లాను. పని అయ్యాక బావ సంగతి ఎత్తాను. ఆయన తీరిగ్గానే చెప్పాడు. సారాయి మెదడును రోజూ అణుస్తుంది. మెదడు ఊరుకోదు, నిలబడటానికి ఎదురు నెడుతుంది. తలుపుకు అవతల ఒకడు, ఇవతల ఒకడు నిలబడి ఏళ్ల తరబడి నెడుతున్నట్టు. అవతలివాడు ఉన్నట్టుండి తప్పుకుంటే ఇవతలివాడు బోర్లా పడతాడు. చీమలు, మూర్ఛ అదే. లేచి నిలబడ్డాక కూడా వాడి ఒంట్లో నెట్టే ఊపు వెంటనే పోదు. మూత్రపిండాల మీద టోపీల్లాగా చెరొక చిన్న గ్రంథి ఉంటుంది. భయం కలిగితే అవి రక్తంలోకి రసాలు వదులుతాయి. గుండె పరిగెత్తుతుంది, చెయ్యి వణుకుతుంది. అందరికీ జరిగేదే. తాగుడు మానిన మనిషికి ఆ కొలత తప్పిపోయి ఉంటుంది. పిల్లి అడ్డం వస్తే పులి వచ్చినట్టు ఒళ్లు స్పందిస్తుంది. అలా ఒళ్లు ఉడికినప్పుడల్లా, దాన్ని చల్లార్చే వస్తువు ఒకటుందని మెదడుకు గుర్తొస్తుంది.

"అంటే ఆ గ్లాసు..." అన్నాను.

"మీ ఏజెంటు రోజూ పొద్దున్నే ఆయనకు దాహం పుట్టిస్తున్నాడు" అన్నాడు డాక్టరు.

ఆ రసాల్లో ఒకదాని పేరు కార్టిసాల్ అని, తాగుడు మానిన చాలా నెలల దాకా దాని ఎగుడుదిగుళ్లు సర్దుకోవని, సంతోషాన్ని తెలిపే మెదడు దారులు కూడా అన్నాళ్లు మొద్దుబారి ఉంటాయని నేను చదివింది చాలా ఏళ్ల తర్వాత. చదివినప్పుడు పక్కింటి నవ్వు అన్న మాటే గుర్తొచ్చింది. అప్పట్లో డాక్టరు ఇన్ని పేర్లు చెప్పలేదు. తనకూ తెలియవని, వైద్యలోకం వాటినింకా వెతుకుతూనే ఉందని అన్నాడు.

ఏజెంటుకు చెప్పి చూశాను. ఆయన సావధానంగా విని, భయంతో వణికే డ్రైవరైనా తనకు వద్దన్నాడు.

పత్తి బండ్లు నంద్యాల మిల్లులకు బారులు తీరే కాలంలో, ఒక ఉదయం నాయన చెప్పకుండా దిగాడు. అల్లుడు తాగుతున్నాడని ఆళ్లగడ్డలో ఎవరో చెప్పారట. రోజూ బస్సు దింపేస్తున్నారని కూడా చెప్పారట. తన కళ్లతో చూద్దామని వచ్చి, జనంలో నిలబడ్డాడు. బావ గ్లాసు అందుకున్నాడు. రెండడుగులు బాగానే వేశాడు. అప్పుడు మామ కనిపించాడు. గ్లాసు సాసరులో గలగలమని మోగింది. సగం టీ చొక్కా మీద పడింది.

తమలపాకుల వ్యాపారి చెయ్యి చాపి పందెం వసూలు చేసుకున్నాడు. నాయన నేరుగా సందులోకి వెళ్లి, అక్కను బట్టలు సర్దుకోమన్నాడు. నేను వెనకే వెళ్లాను.

అక్క పొయ్యి ముందు నుంచి లేవలేదు. "ఆయప్ప తాగలేదు నాయనా. నేను దినామూ వాసన చూస్తాండా."

"నా కండ్లతో చూసినా. చెయ్యి గాలికి ఆకు ఊగినట్ల ఊగె."

"నువ్వు ఉరిమి చూస్తే నా చెయ్యీ ఊగుతుంది."

నాయన మధ్యాహ్నం బస్సుకు పోదామని మాత్రం చెప్పి, అరుగు మీద కూర్చున్నాడు. అక్క పిల్లల గుడ్డలు ఒక్కొక్కటే మడిచి పెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది. చాలా నెమ్మదిగా పెడుతోంది. బావ ఇంటికి రాలేదు. బస్సుల షెడ్డులోనూ లేడు. సారాయికి పోయి ఉంటాడని హోటలువాడు, క్లీనరు, చివరికి ఏజెంటు కూడా అన్నారు. ఏజెంటు ఆ మాట అన్నప్పుడు గొంతు తగ్గించాడు. నేను సారాయి దొరికే రెండు చోట్లా చూశాను. రాలేదన్నారు.

ఆసుపత్రి వరండాలో కనిపించాడు. రోగుల వరసలో, టీ మరకల చొక్కాతో కూర్చుని ఉన్నాడు. తన వంతు వచ్చాక డాక్టరు ముందు చెయ్యి చాపాడు.

"రగతం తీసి చూడండి సార్. తాగినానో లేదో మా మామకు చెప్పండి."

ఆ పరీక్ష చేసే సాధనం ఇక్కడ లేదని డాక్టరు చెప్పాడు. బావ కదలలేదు. ఊరికే పోనని, ఇక్కడినుంచి బయటికి పోతే యాడికి పోతానో తనకే తెలియదని అన్నాడు. డాక్టరు పెన్ను కింద పెట్టి కాసేపు ఆయన్ను చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, మీ నాయనను పిలుచుకుని రమ్మన్నాడు.

నాయన రానన్నాడు. అక్క పెట్టె మూత వేసి, "ఒక్కసారి పోయిరా నాయనా. వచ్చినాక నువ్వు చెప్పినట్లే వింటా" అంది. లేచాడు.

డాక్టరు పెద్దగా ఏమీ వివరించలేదు. నాయనను బావ పక్కన కూర్చోబెట్టి, బావ మణికట్టు మీద నాయన మూడు వేళ్లూ ఆనించాడు. ఎద్దుల మెడలు నిమిరి నిమిరి మొద్దుబారిన వేళ్లు. మొదట నాడి దొరకలేదు, డాక్టరు వేళ్లు సర్దాడు. తర్వాత బావతో మాటల్లోకి దిగాడు. లారీ ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఘాటు రోడ్డులో బ్రేకు వేడెక్కితే ఏం చేస్తావు, వానాకాలం వాగు లోతు ఎట్లా అంచనా కడతావు. బావ మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత మామూలుగా చెప్పసాగాడు. వాగు సంగతి వచ్చేసరికి రెండో చేత్తో గాలిలో నీళ్ల మట్టం గీసి చూపిస్తున్నాడు. ఆ చెయ్యి వణకడం లేదు. నాయన తల వంచుకుని, వేళ్ల కింద వింటున్నాడు.

అప్పుడు డాక్టరు అదే గొంతుతో అన్నాడు. "సరే, ఇప్పుడు రెండు చేతులూ చాపు. తాగావో లేదో మీ మామ చూస్తాడు."

బావ చేతులు ఇంకా పైకి లేవలేదు. నాయన ఉలిక్కిపడి తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"ఏందిది?" అన్నాడు. "కుందేలు పరిగెత్తినట్ల పరిగెత్తె."

"తాగినవాడైతే ఇంత పరుగు ఉండదు. తాగేది దీన్ని ఆపడానికే" అన్నాడు డాక్టరు.

నాయన వెంటనే చెయ్యి తీయలేదు. నాడి నెమ్మదించేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు పట్టింది. వెనక నిలబడ్డ రోగులు గొణుగుతున్నా డాక్టరు తొందరపెట్టలేదు. బయటికి వచ్చాక నాయన హోటల్లో అందరికీ బొరుగుల ఉగ్గాని తెమ్మన్నాడు. తిన్నాక నన్ను వెంటబెట్టుకుని బస్సుల షావుకారి నూనె మిల్లుకు పోయాడు.

మా వైపు ఎద్దును కొనేవాళ్లు సంతలో బేరం కుదిరినా అక్కడే ఖాయం చేసుకోరు. సంతలో పదిమంది పళ్లు చూసి, తోక మెలిపెట్టి, అరిచి, ఎద్దును బెదరగొట్టి ఉంటారు. అందుకని ఇంటికి తోలుకుపోయి, కొన్ని రోజులు కాడికి కట్టి దున్ని చూసి, నచ్చితేనే ఉంచుకుంటారు. నాయన షావుకారికి చెప్పింది ఆ పద్ధతే.

"మంది నడిమిన పెట్టి బెదరగొడితే మంచి ఎద్దు కూడా కాలు తొక్కుకుంటుంది. పని చేయించి చూడప్పా. గ్లాసు పట్టించొద్దు."

షావుకారు గట్టి మనిషి. ఎద్దు బెదిరితే నాగటి చాలు వంకరపోతుంది, బస్సు బెదిరితే ఊరంతా ఏడుస్తుందని అన్నాడు. నాయన అది ఒప్పుకున్నాడు. మనుషులు ఎక్కని బండి ఇవ్వమన్నాడు. చివరికి, బావ కొన్నాళ్లు షెడ్డులో మరమ్మతు పని చేస్తూ, మిల్లు లారీ మీద శనక్కాయలు తోలేటట్టు, ఆ పని చూసి తర్వాత సంగతి ఆలోచించేటట్టు ఖాయమైంది. గ్లాసు పరీక్ష ఆగింది. ఏజెంటు మూడు నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత మర్చిపోయాడు. తమలపాకుల వ్యాపారి మాత్రం చాలాకాలం అడిగేవాడు.

బావకు ఈ ఏర్పాటు నచ్చలేదు. బస్సు దింపడం అంటే తప్పు ఒప్పుకున్నట్టేనని అక్క మీద విసుక్కున్నాడు. మిడుతూరు దారిలో దుమ్ము తింటూ లారీ తోలుతూ ఉండేవాడు. అయితే దారిలో ఎవరూ చూసేవాళ్లు లేరు. చెయ్యి వణికిన రోజున బండి ఒక పక్క ఆపి, దిగి, కాసేపు నడిచి, మళ్లీ ఎక్కేవాడట. ఈ సంగతి ఆయనే చెప్పాడు. బస్సులో అయితే ఎక్కడ ఆపుతాం అన్నాడు.

అంతా బాగుపడిందని రాయను. కొడుక్కు విషజ్వరం వచ్చి మంచాన పడినప్పుడు ఆయన రెండు రోజులు తాగాడు. మూడోరోజు తనే ఆసుపత్రికి పోయి పడుకున్నాడు. అక్క నాయనకు కబురు పంపింది. కబురు అందాక కూడా నాయన రాలేదు. నాకు అదే ఆశ్చర్యం. ఎందుకు రాలేదని తర్వాత అడిగితే, "నేను పోతే ఇంకా బెదురుతాడు" అన్నాడు.

ఆ తర్వాతి ఎండాకాలానికి బావకు తిండి రుచి తెలియడం మొదలైంది. అక్క దానికి గుర్తుగా చెప్పింది, మామిడికాయ పప్పులో ఉప్పు తక్కువైందని ఆయన కోప్పడటం. వానలకు ముందు షావుకారు మళ్లీ బస్సు ఇచ్చాడు.

ఆ మొదటి రోజు నేను నంద్యాలలోనే ఉన్నాను. ఆళ్లగడ్డలో జరిగింది కండక్టరు చెప్పాడు. తిరుగు ప్రయాణానికి బస్సు నిండుతుండగా నాయన తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని వచ్చాడట. డ్రైవరు మామగారని కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించబోతే, చెయ్యి అడ్డం పెట్టి, వెనక తలుపు గుండా ఎక్కి, చివరి బల్ల మీద కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడట. శిరివెళ్లలో దిగిపోయాడట. శిరివెళ్లలో ఆయనకు పనేమీ లేదు. అల్లుడితో మాట్లాడకుండా, ఆళ్లగడ్డ వైపు పోయే బండి ఏదో పట్టుకుని ఊరికి పోయాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇది బావకు చెప్పాలా వద్దా అని నేను, అక్క చూపులు కలుపుకున్నాం. ఆయనే ఎత్తాడు.

"మీ నాయన ఎక్కినాడు ఈ పొద్దు."

"నీకెట్ల తెలుసు?" అంది అక్క.

"అద్దంలో కనపడడా? అంత పెద్ద తలగుడ్డ."

అక్క అన్నం వడ్డిస్తూ ఆగింది. "చెయ్యి వణికిందా?"

"వణికింది" అన్నాడు బావ, ముద్ద కలుపుతూ. "వాగు దాకా వణికింది. అయినా పోనిచ్చినా."